గుంతలు

మా కొత్తవాడల మగ్గాలన్నీ ఒక్క తీరే:
నేలల గుంత, గుంతల కాళ్ళు,
కాళ్ళ కింద తొక్కుడు పలకలు.
నలభై రెండేండ్ల సంది
నడుము దాక భూమిల ఉంట నేను.
కూసున్న నా కండ్లు ఏ ఎత్తుల ఉంటయో
నిలబడ్డ కుక్క కండ్లు గూడ గాడ్నే ఉంటయి.
గీ ముచ్చట నాకు మొన్నటిదాక తట్టలే.

దాని పేరు కండె.
పిల్లప్పుడు నూలు చిలుపల నడుమ
గుండ్రంగ చుట్టుకొని పండుతుంటె
సరుకు తెచ్చే కొమురెల్లి పెట్టిన పేరు.
ఎండకాలం గుంతల దిగి నా పాదాల పక్కన పంటది.
పలక తొక్కినప్పుడల్లా
ఒక్క చెవి లేపుతది, కండ్లు తెరవదు.

మోకాళ్ళకు డాక్టరు రాసిన గోలీలు,
గులాబి రంగువి, మీద తీపి పూత.
ఉట్టి కడుపున ఏసుకోవద్దన్నడని
పల్లిపట్టి గూడ అదే ప్లాస్టిక్ సంచిల పెట్టి
మగ్గం కట్టెకు మొల కొట్టి తగిలిచ్చుకున్న,
లెవ్వకుంట అందుకోవచ్చని.
సులోచన అననే అన్నది,
"జర పైన పెట్టరాదుండ్రి."
"పైన పెడితె లేసెటోడెవడు?" అన్న.

సొసైటీల నాలుగు షత్రంజిలు అప్పజెప్పి
వచ్చేసరికి సంచి చినిగి ఉన్నది.
పల్లిపట్టి లేదు, దాని కాగితం నాకి నాకి మెరుస్తున్నది.
గోలీల షీటు నమిలిన గుడ్డ పేలిక లెక్క
సగం నేసిన ఎర్ర అంచు మీద.
కండె తోక ఊపుకుంట ఎదురొచ్చింది.

పాలు పోస్తె అదే సల్లవడ్తదని ఒకలు,
ఉప్పు నీళ్ళు తాగియ్యమని ఒకలు.
సులోచన అందర్నీ పక్కకు జరిపింది.
కుక్కను ఒళ్ళె, షీటును పిడికిట్ల పట్టుకొని
యాకయ్య ఆటోల కూసున్నది.
ఎన్కనుంచి నేను, ఒక్క చెప్పుతోని.

పశువుల దవాఖానల డాక్టరమ్మ అడిగింది,
"ఎన్ని తిన్నది? ఎప్పుడు తిన్నది?"

పడుగుల పోగుల లెక్క ఎన్నడు తప్పనోణ్ణి.
షీటు మీద ఏడు ఖాళీ గుంతలు.
ఎన్ని నావి, ఎన్ని దానివి?
పొద్దుగాల ఏసుకున్ననా?
నిన్న రెండేసుకున్ననా?
నా నొప్పుల లెక్క నా దగ్గరనే లేదు.

"ఏడు అదే తిన్నదనుకుందాం" అన్నదామె
సూది గుచ్చుకుంట.
"మీకు నొప్పి తీసేదే దీని కడుపును కోస్తది తాతా."

రాత్రికి కక్కింది.
కాఫీ పొడి లెక్క నల్లగ, అందుల నెత్తురు చార.
మూడు దినాలు సెలైన్, ముంగాలికి తెల్ల గుడ్డ.
ఆ మూడు దినాలు గుంతలకైతే దిగిన గని
నాడె ఆడలే.
పాదాలకు నేల చల్లగ తాకింది.

బతికింది.

ఇప్పుడు గోలీలు మూత బిగుసుకునే స్టీలు డబ్బల,
డబ్బ దూలం మీద.
మోకాళ్ళ గోలి కోసం
మోకాళ్ళ మీదనే లేవాలె.
కట్టె వట్టుకొని, ఎవల్నో తిట్టుకుంట లేస్త.
ఒక్కోసారి లేసినంక
ఎందుకు లేసిన్నో మర్సిపోత.
సులోచన బీపీ గోలి చేజారితె
టార్చి లైటు పట్టుకొని ఇద్దరం నేల మీద పాకుతం,
దొరికేదాక పొయ్యి ముట్టిచ్చేది లేదు.

మొన్న పరకాల నుంచి బామ్మర్ది రాజమౌళి వచ్చిండు.
షుగరు గోలీలు చొక్కా జేబుల,
చొక్కా మంచం కోడుకు.
పెరుగన్నం ముందటికెల్లి లేసిన.
"జేబుల పైసలేం లేవు బావా" అని నవ్విండు.
నేనేం అనలే.
చొక్కాను దూలానికి ఏసి మళ్ళి చూస్తె
నా కంచం ముందట కండె,
నున్నగ నాకిన కంచంల
తన మొఖం తనే చూసుకుంట.